కామెర్ల క్రిమి వేషం మారిస్తే టీకా, పరీక్ష పనిచేస్తాయా?

(ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన దంపతుల సమావేశంలో లేడీ డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ కేంద్రానికి మీరు వచ్చే పనులు వేరువేరు. ఒకరు కాపర్-టి వేయించుకోవడానికి వస్తారు. ఒకరు నిరోధ్ పొట్లాల కోసం వస్తారు. ఇంకొకరు నెల తప్పిన కోడలిని వెంటబెట్టుకుని రక్తపరీక్షకు వస్తారు. ఏ పని మీద వచ్చినా, కామెర్ల మాట ఎత్తితే రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. "డాక్టరమ్మా, ఆ క్రిమి రూపం మార్చుకుంటుందట గదా, ఇక టీకా దండగేనా?" అన్నది మొదటిది. "మొదటి కానుపప్పుడు పరీక్షలో లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు, ఏది నమ్మమంటారు?" అన్నది రెండవది.

ముందుగా జవాబు చెప్పేసి తరువాత వివరంగా చెబుతాను. క్రిమి రూపం మార్చుకోవడం నిజమే. టీకా దండగ అన్నది మాత్రం అబద్ధం. పరీక్ష ఒక్కోసారి తప్పు చూపించే మాట నిజం. ఎవరి విషయంలో, ఎప్పుడు అలా జరుగుతుందో తెలిస్తే ఆ తప్పును దాటవచ్చు.

కామెర్లు అనగానే మనకు పచ్చబడిన కళ్ళూ, ఆకు పసరూ, చేతి మీద వాతా, చప్పిడి పథ్యమూ గుర్తుకొస్తాయి. కళ్ళు పచ్చబడటం ఒక గుర్తు మాత్రమే. కార్జం చెడినప్పుడు కనబడే గుర్తు. పుస్తకాలలో దీన్ని కాలేయం అంటారు. కార్జాన్ని చెరిచే క్రిములలో ఏ రకం, ఇ రకం అనేవి చెడునీటి ద్వారా వస్తాయి. గర్భిణికి ఇ రకం చాలా ప్రమాదం. మిగతావారిలో ఎక్కువమందికి కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. పసరు మందుకు పేరొచ్చింది వీటి పుణ్యాన్నే!

మనం ఈరోజు చెప్పుకునేది బి రకం, అంటే హెపటైటిస్-బి. ఇది నీటి ద్వారా రాదు. రక్తం ద్వారా వస్తుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే వస్తుంది. మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, చెవులు కుట్టే సూది ద్వారా వస్తుంది. ఆలుమగల కలయిక వల్ల వస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ క్రిమి వారం రోజులు బతికి ఉండగలదు. పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మంది శరీరం దానిని వెళ్ళగొడుతుంది. పురిటి కందుకు సోకితే లెక్క తలకిందులవుతుంది. నూటికి 90 మంది బిడ్డలలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. బిడ్డ చూడటానికి బొద్దుగా, చలాకీగా ఉంటాడు. ముప్ఫై, నలభై ఏళ్ళు వచ్చి సంసారం మోసే వయసులో కార్జం గట్టిపడటమో, కార్జానికి క్యాన్సరు రావడమో జరుగుతుంది. మన దేశంలో ఇలా బి క్రిమితో బతుకుతున్నవారు 2022 నాటికి సుమారు 2 కోట్ల 98 లక్షలమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అధిక సంఖ్యాకులకు తమ ఒంట్లో అది ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడు రూపం మారడం సంగతి. ఈ క్రిమికి పైన ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ముక్కను 1960లలో బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు రక్తంలో గుర్తుపట్టాడు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నర్సమ్మ మీ వేలి నుంచి చుక్క రక్తం తీసి చిన్న కార్డు మీద వేస్తుంది కదా, ఆ కార్డు వెతికేది ఈ తొడుగునే. మన టీకాలో ఉండేదీ ఈ తొడుగే. క్రిమి లేకుండా, తొడుగు ఒక్కదాన్నీ ఈస్టు కణాలలో తయారుచేస్తారు. అందుకే టీకా వల్ల కామెర్లు రావడం అసంభవం. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి రావాలి, ధర సామాన్యుడికి అందేది కాదు. 1997లో మన హైదరాబాదులోనే వరప్రసాద రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీన్ని తయారుచేసి బజారులోకి తెచ్చాక ధర దిగింది. ఆ తరువాత ప్రభుత్వం దశలవారీగా ఉచిత టీకాలలో చేర్చి, 2011-12 నాటికి దేశమంతటికీ ఇచ్చింది.

టీకా, పరీక్ష రెండూ ఒకే తొడుగు మీద ఆధారపడ్డాయన్నమాట. మరి ఆ తొడుగే మారితే?

ఎందుకు మారుతుందో చూడండి. మీరు రిజిస్ట్రాఫీసు దగ్గర దస్తావేజుకు నకలు రాయించుకుంటారు. రాసినవాడు ఒకడు, చదివి సరిచూసేవాడు మరొకడు ఉంటే తప్పులు దొర్లవు. ఈ క్రిమి తన నకళ్ళు తాను రాసుకునేటప్పుడు సరిచూసేవాడు లేడు. దాని దస్తావేజు మొత్తం సుమారు 3,200 అక్షరాలు. రోజుకు కోట్ల కోట్ల నకళ్ళు దిగుతుంటే అక్కడక్కడ ఒక అక్షరం మారుతుంది. మారిన వాటిలో చాలా భాగం పనికిరాక నశిస్తాయి. ఏదో ఒకటి మాత్రం, మన శరీరంలోని కాపలాదార్ల కళ్ళు కప్పగలిగితే బతికి పిల్లలు పెడుతుంది.

1990లో ఇటలీ దేశం నుంచి ఇలాంటి సంగతి వెల్లడయింది. అక్కడ టీకా వేసిన 1,590 మందిలో 44 మందికి టీకా పడినా క్రిమి కనబడింది. వారిలో ఒక పసిబిడ్డ రక్తాన్ని పరిశీలిస్తే తొడుగులో చిన్న మార్పు ఉన్నట్టు తేలింది. తొడుగును ఒక పూసల దండ అనుకోండి. ఆ దండలో 145వ పూస మారింది. గ్లైసిన్ అనే చిన్న పూస ఉండవలసిన చోట ఆర్జినైన్ అనే పెద్ద పూస చేరింది. అంత మాత్రానికే దండ మెలిక మారి, కాపలాదార్లకు గుర్తుపట్టడం కష్టమైంది. "టీకా వేసినా వచ్చిందట" అనే మాటకు పుట్టుక ఇక్కడుంది.

ఇంతవరకు విని చాలామంది లేచి వెళ్ళిపోతారు. తరువాతిది కూడా వినండి.

తైవాన్ అనే చిన్న దీవిలో ఈ కామెర్లు ఇంటింటి జబ్బుగా ఉండేవి. అక్కడ 1984లో పసిబిడ్డలకు టీకా మొదలుపెట్టారు. తైపే నగరంలో ఆ ఏడు వెయ్యిమంది పిల్లలను పరీక్షిస్తే 98 మందిలో క్రిమి ఉంది. 1999 నాటికి వెయ్యికి 7 మంది మిగిలారు. రూపం మారిన క్రిమి సంగతి చూడబోతే, 1984లో క్రిమి ఉన్న పిల్లలలో నూటికి సుమారు 8 మందిలో ఉండేది. 1999లో నూటికి 23 మందిలో కనిపించింది. "చూశారా, 8 నుంచి 23కు పెరిగింది!" అని భయపెట్టేవారు భయపెడతారు. లెక్క మీరే వేయండి. 98 మందిలో నూటికి 8 చొప్పున అంటే సుమారు ఎనిమిది మంది. 7 మందిలో నూటికి 23 చొప్పున అంటే ఇద్దరి లోపు. వెయ్యిమందిలో ఎనిమిది మంది ఉన్న చోట ఇద్దరి లోపు మిగిలారు.

వరి పొలం ఉన్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. కలుపు తీసిన తరువాత చేలో మిగిలేది ఎక్కువగా ఊద. వరి దుబ్బులాగే ఉండి కూలీల కంటికి ఆనదు కాబట్టి మిగులుతుంది. మిగిలిన కలుపులో ఊద వాటా పెరిగింది కదా అని వచ్చే ఏడు కలుపు తీయడం మానేసే రైతు ఉన్నాడా?

ఇంకొక సంగతి. ఆ 145వ పూస మారిన క్రిమినే తీసుకుని, మామూలు టీకా వేసిన చింపాంజీలకు ఎక్కించి చూశారు. వాటికి జబ్బు సోకలేదని 1999లో ప్రకటించారు. టీకా వల్ల మన ఒంట్లో తయారయ్యే కాపలాదార్లు ఒకే రకం కాకపోవడమే దీనికి కారణం. ఒకడు మీసం చూసి దొంగను పట్టుకుంటే, ఇంకొకడు నడక చూసి, మరొకడు గొంతు విని పట్టుకుంటాడు. మీసం గీయించుకున్నంత మాత్రాన దొంగ అందరినీ దాటిపోలేడు.

అయితే టీకా వేసిన బిడ్డలకు ఎప్పుడూ రాదా అంటే, వస్తుంది, అరుదుగా. అలా వచ్చిన చోట చాలాసార్లు తప్పు రూపం మార్చిన క్రిమిది కాదు. మొదటి సూది ఆలస్యం కావడం ఒక కారణం. మిగతా సూదులు ఎగ్గొట్టడం రెండవది. తల్లి రక్తంలో క్రిమి మరీ ఎక్కువగా ఉండటం మూడవది. టీకా గడ్డకట్టి పాడవడం కూడా ఉంది. ఈ మందు చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు, అందుకే దాన్ని ఐసుపెట్టెకు ఆనించకుండా దాస్తాము. వీటిలో మొదటి రెండూ మీ చేతిలో ఉన్నవి. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు తొడకు మొదటి సూది. "పదకొండో రోజు పురుడు వెళ్ళాక చూద్దాం" అంటే పుణ్యకాలం గడిచిపోతుంది. తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ సూది. అందులో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మందులతో పాటు ఈ కామెర్ల మందూ ఉంటుంది.

ఇక పరీక్షల సంగతికి వస్తాను. ఇక్కడే సంసారాలు చెడుతున్నాయి.

కార్డులో ఒక గీత వస్తే క్రిమి లేదనీ, రెండు గీతలు వస్తే ఉందనీ అంటాము. ఆ రెండవ గీత దగ్గర తొడుగును పట్టుకునే పదార్థం పూసి ఉంటుంది. తొడుగు రూపం మారితే అది జారిపోవచ్చు. అప్పుడు క్రిమి ఉన్నా ఒక్క గీతే వస్తుంది. ఒకే రకం పట్టు ఉన్న కార్డులలో ఈ ఇబ్బంది ఎక్కువ. రెండు మూడు వైపుల నుంచి పట్టుకునే పదార్థాలున్న కార్డులలో, పెద్ద ఆసుపత్రి యంత్ర పరీక్షలలో తక్కువ. రూపం మారకపోయినా, సోకిన కొత్తలో మొదటి కొన్ని వారాలు కార్డు పట్టలేదు. రక్తంలో క్రిమి బాగా తక్కువగా ఉన్నా పట్టలేదు. కనుక "లేదు" అని రాసి ఉన్న కాగితం చాలామందికి నిజమే చెబుతుంది గాని, అందరికీ, అన్నివేళలా కాదు.

మొదటి కానుపులో లేదని, రెండవ కానుపులో ఉందని వచ్చిన ఇల్లాలి సంగతి ఆలోచించండి. కాగితం ఇంటికి చేరగానే అత్తగారి చూపు మారుతుంది. భర్త నోరు తెరిచి అనకపోయినా మనసులో ఒక మాట పెట్టుకుంటాడు. భర్తకు ఉండి భార్యకు లేకపోతే భార్య పెట్టుకుంటుంది. అయ్యా, అమ్మా, ఆ కాగితం ఎవరి నడవడికీ సాక్ష్యం కాదు. ఆ క్రిమి ఆమె పుట్టినప్పుడు తన తల్లి నుంచే వచ్చి ఉండవచ్చు. మొదటిసారి కార్డుకు అందక, రెండవసారి వేరే రకం కార్డుకు అంది ఉండవచ్చు. మధ్యలో ఎవరో వేసిన మురికి సూది వల్ల సోకి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో కాగితం చెప్పదు. తగవు పడే ముందు రెండవ పరీక్ష చేయించండి. కంచం, గ్లాసు వేరు పెట్టవద్దు. కలిసి తిన్నందువల్ల, పక్కన కూర్చున్నందువల్ల, దోమ కుట్టినందువల్ల ఇది రాదు.

రెండవ పరీక్ష అంటే ఏమిటి? క్రిమికి తొడుగు లోపల గింజలాంటి భాగం ఒకటుంది. దానికి ఎదురుగా మన శరీరం తయారుచేసే గుర్తును వెతికే పరీక్ష ఉంది. దాన్ని కోర్ పరీక్ష అంటారు. తొడుగు వేషం మారినా ఈ గుర్తు మారదు. టీకాలో గింజ ఉండదు కాబట్టి టీకా వల్ల ఈ గుర్తు రాదు. ఇది ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అసలు క్రిమి ఒంట్లోకి వచ్చినట్టే. ఇప్పుడు ఉందా లేదా తేల్చేది మూడవ పరీక్ష, క్రిమి అక్షరాలనే వెతికి లెక్కపెట్టే డి.ఎన్.ఎ. పరీక్ష. ఇవి అందరికీ అవసరం లేదు. తల్లికో, తోబుట్టువుకో ఈ జబ్బు ఉన్నవారికి, కార్డులో లేదని వచ్చినా కార్జం పరీక్షలు తేడాగా ఉన్నవారికి, ఇప్పటికే మందులు వాడుతున్నవారికి అవసరం. అలాంటివారు సిగ్గుపడక అడగండి. 2018లో మొదలైన జాతీయ కామెర్ల నివారణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. ఎక్కడికి వెళ్ళాలో ఇక్కడే చీటీ రాసిస్తాము.

క్రిమి ఉన్న గర్భిణులకు ఒక ప్రత్యేకమైన మాట. కొన్ని రిపోర్టులలో "ఇ-యాంటీజెన్ లేదు" అని ఉంటుంది. అది చూసి "ఉధృతం లేదు, బిడ్డకు భయం లేదు" అనుకుంటారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకునేవారు. తరువాత తెలిసింది, 1896వ అక్షరం దగ్గర మారిన క్రిమి ఆ ఇ-పదార్థాన్ని తయారుచేయడమే మానేస్తుందని. గాలిమర పాడైతే గాలి ఆగినట్టు కాదు కదా! ఇ లేకపోయినా లోపల క్రిమి గట్టిగా పెరుగుతూ ఉండవచ్చు. కాబట్టి ఇ ఉన్నా లేకపోయినా, తల్లికి తొడుగు పరీక్షలో క్రిమి ఉందని వస్తే, బిడ్డ పుట్టగానే, వీలైతే 12 గంటల లోపు, ఒక తొడకు టీకా, రెండవ తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే తయారు రక్షణ సూది వేయించాలి. తల్లి రక్తంలో క్రిమి లెక్క మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే కడుపుతో ఉండగానే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతాము. ఇవన్నీ జరిగితే బిడ్డకు చనుబాలు నిస్సంకోచంగా ఇవ్వండి. పాల వల్ల భయం లేదు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. లామివుడిన్ అనే పాత మాత్ర ఒక్కటే ఏళ్ళ తరబడి వాడినవారిలో, అయిదేళ్ళయ్యేసరికి నూటికి సుమారు 70 మందిలో క్రిమి ఆ మందుకు లొంగకుండా మారిపోయింది. విచిత్రమేమంటే ఈ క్రిమి ఒకే అక్షరాల వరుసను రెండు విధాలుగా చదువుకుంటుంది. ఒక విధంగా చదివితే నకలు రాసే సాధనం, ఇంకో విధంగా చదివితే తొడుగు. మందును తప్పించుకోవడానికి ఒకటి మారితే రెండవదీ మారుతుంది. అంటే మందు పనిచేయకపోవడంతో పాటు పరీక్షకు అందకపోయే వీలు కూడా ఏర్పడుతుంది. ఇప్పుడిచ్చే టెనోఫోవిర్‌కు క్రిమి అంత సులభంగా ఎదురు తిరగదు. అయినా ఒళ్ళు బాగుంది కదా అని మధ్యలో మానేస్తే కార్జం ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పకుండా మానవద్దు.

ఇక భర్తలు కూడా వినవలసింది. కాపర్-టి, మాత్రలు, ఆపరేషను బిడ్డలను ఆపుతాయి గాని ఈ క్రిమిని ఆపలేవు. దంపతులలో ఒకరికి క్రిమి ఉంటే రెండవవారు ముందు పరీక్ష చేయించుకుని, లేదని తేలితే మూడు సూదులు వేయించుకోవాలి. మొదటిరోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. చివరిది పడి, రక్షణ వచ్చిందని ఒకటి రెండు నెలలకు రక్తపరీక్షలో తేలేవరకు నిరోధ్ వాడండి. క్రిమి ఉన్నంత మాత్రాన కాపర్-టికి గాని, కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు గాని అడ్డు లేదు. కళ్ళు పచ్చగా ఉన్న రోజులలోనూ, కార్జం గట్టిపడినవారూ మాలా-ఎన్ మాత్రలు మొదలుపెట్టకూడదు. కార్జం బాగున్నవారు డాక్టరుకు చూపించి వాడుకోవచ్చు. ఇంట్లో గడ్డం గీసుకునే బ్లేడు, పళ్ళు తోముకునే బ్రష్షు ఎవరివి వారికే ఉండాలి.

క్రిమి ఉన్న తల్లి బిడ్డకు అన్ని సూదులూ అయ్యాక, తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య పరీక్ష చేయిస్తాము. సూది పడిన వెంటనే చేయిస్తే టీకాలోని తొడుగే రక్తంలో కనబడి లేనిపోని కంగారు పెట్టవచ్చు. అంత చిన్న బిడ్డకు కోర్ పరీక్ష కూడా పనికిరాదు. తల్లి నుంచి వచ్చిన గుర్తు ఏడాది దాటినా ఉండిపోతుంది. ఆ వయసులో రెండు సంగతులు చూస్తాము. తొడుగు ఉందా, రక్షణ వచ్చిందా అని. రక్షణ రాకపోతే మళ్ళీ టీకా ఇస్తాము. రక్షణ కనబడుతూనే అనుమానం మిగిలితే డి.ఎన్.ఎ. పరీక్షకు పంపుతాము. రూపం మార్చిన క్రిమి దాక్కునేది ఇక్కడే గనుక.

మన వైపు తొలి కానుపు పుట్టింట్లో జరగడం ఆచారం. పరీక్ష ఇక్కడ అత్తగారి ఊళ్ళో చేస్తాము, పురుడు మరో జిల్లాలో పోస్తారు. కాగితం బీరువాలో ఉండిపోతుంది, అక్కడి నర్సుకు తెలియదు, ఆ 12 గంటలూ గడిచిపోతాయి. ఏడో నెలలో అమ్మాయిని తీసుకువెళ్ళడానికి పుట్టింటివారు వచ్చినప్పుడు సారె చీరలతో పాటు తల్లీబిడ్డల కార్డు, రక్తపరీక్ష కాగితం సంచిలో పెట్టి పంపండి. నకలు కావాలంటే వరండాలో కూర్చున్న నర్సమ్మను అడగండి, ఇప్పుడే రాసిస్తుంది.